సమాధి రాయి మీద పుట్టిన తగువు

పలాస–కాశీబుగ్గలో వీడియో పార్లర్ల కాలంలో పెరిగినవాళ్లకి చైనా యుద్ధవిద్య అంటే రెండే బొమ్మలు. ఒకటి, గుండు చేయించుకున్న షావోలిన్ సన్యాసి అరచేత్తో ఇటుకలు పగలగొట్టడం. రెండోది, తెల్లగడ్డం ముసలాయన కూర్చున్న చోటు నుంచి కదలకుండా నలుగురిని గోడకి విసిరెయ్యడం. మొదటిది బయటి విద్య, రెండోది లోపలి విద్య అని ఇంటర్వెల్లో పల్లీలు నములుతూ వివరించే పెద్దమనిషి ప్రతి పార్లర్లోనూ ఒకడుండేవాడు. బయటిది కండబలం, లోపలిది ప్రాణబలం. ఈ తేడా వేల ఏళ్ల నాటిదని అందరం నమ్మేశాం. తీరా చూస్తే దీనికి పుట్టిన సంవత్సరం ఉంది: 1669. పుట్టింది గోదాలో కాదు, గుళ్లోనూ కాదు. ఒక సమాధి శాసనంలో.

1644లో మింగ్ వంశం కూలిపోయింది. ఉత్తరం నుంచి దిగిన మంచూలు బీజింగ్‌లో సింహాసనం ఎక్కారు. దక్షిణాన జెజియాంగ్ ప్రాంతంలో కొందరు లొంగకుండా కొన్నాళ్లు పోరాడారు. వాళ్లలో హువాంగ్ జోంగ్షీ అనే మహా పండితుడున్నాడు. ఓడిపోయాక పుస్తకాలకి పరిమితమయ్యాడు గానీ కొత్త ప్రభువుల కొలువుకి మాత్రం పోలేదు. నింగ్బో ఊరి వాంగ్ జెంగ్‌నాన్ కూడా అలా పోరాడి ఓడినవాడే. ఈయన ముష్టియుద్ధంలో దిట్ట. పిలిచి పెద్ద పదవులిస్తామన్నా కాదని బీదగా బతికి 1669లో పోయాడు. సమాధి మీద చెక్కడానికి నాలుగు మాటలు రాసింది హువాంగ్.

ఆ రాత సారాంశం ఇదీ. షావోలిన్ వాళ్లు దాడి చేస్తారు కాబట్టి ఎదుటివాడికి సందు దొరుకుతుంది. ఇంకో విద్య ఉంది: నిశ్చలంగా ఉండి కదలికని అణుస్తుంది, తాకీ తాకగానే ఎదుటివాణ్ణి పడగొడుతుంది. ఇది లోపలి విద్య, షావోలిన్‌ది బయటిది. లోపలిదానికి మూలపురుషుడు వుడాంగ్ కొండ మీది తావో సాధువు జాంగ్ సాన్‌ఫెంగ్. చక్రవర్తి పిలిపిస్తే దారులు మూసుకుపోయి వెళ్లలేకపోయాడు. ఆ రాత్రి కలలో దేవుడు కనిపించి ముష్టివిద్య నేర్పాడు. తెల్లారి వందమందికి పైగా దొంగల్ని ఒంటిచేత్తో చంపాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. హువాంగ్ అల్లాటప్పా మనిషి కాదు. రాజుల్నే నిలదీసి గ్రంథం రాసిన విమర్శకుడు. అలాంటివాడు కలలో పాఠాన్ని చరిత్రగా ఎందుకు రాసినట్టు? షావోలిన్ బౌద్ధం, బౌద్ధం బయటి నుంచి వచ్చింది. తావో సొంత గడ్డది. ఇది చదివిన ఆనాటి చైనా వాడికి ఆ బయటివాళ్లెవరో, తాకగానే ఎవరు పడాలో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పటి చరిత్రకారుల్లో కొందరు ఇది మంచూల మీద ఎక్కుపెట్టిన బాణమే అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

హువాంగ్ కొడుకు బైజియా స్వయంగా వాంగ్ శిష్యుడు. గురువు ఇల్లు మరీ ఇరుకు, చెయ్యి చాపితే గోడ తగిలేది. అందుకని దగ్గర్లోని ఇనుప బుద్ధుడి గుళ్లో పాఠం చెప్పేవాడట. 1676లో బైజియా ఆ పాఠాల్ని రాసిపెట్టాడు. చేతికి 35 అభ్యాసాలు, అడుగులకి 18, ఎక్కడ కొడితే మనిషి చస్తాడు, ఎక్కడ కొడితే మూగవాడౌతాడు అన్న మర్మస్థానాలు. చదివితే తెలిసేదేంటంటే, ఇందులో మెల్లగా చేతులు తిప్పే తైచీ పోలికే లేదు. మన పార్లర్ పెద్దమనిషి చెప్పిన ప్రాణబలం ఊసూ పెద్దగా లేదు. బైజియా పరీక్షల చదువులో పడి సాధన వదిలేశాడు. గురువు పోయాక, ఈ విద్య ఇక నాతో సరి అని బాధపడుతూ రాశాడు. ఆయన అన్నట్టే అయింది. విద్య పోయింది, పేరు మిగిలింది.

మరి ఈ ప్రాణబలం, ఊపిరి మాట ఎక్కడి నుంచి వచ్చింది? విచిత్రంగా అది షావోలిన్ పేరు మీదే వచ్చింది. యీజిన్ జింగ్ అనే పుస్తకం. 1624 నాటిదని దాని వెనుకమాటలో ఉంది. కండరాల్ని మార్చే సాధన, ప్రాణశక్తిని ఒళ్లంతా నింపుకునే పద్ధతి. దీన్ని బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు షావోలిన్‌లో వదిలి వెళ్లాడని ముందుమాట చెబుతుంది. ఆ ముందుమాటలు దొంగవని చైనా పండితులే 18వ శతాబ్దంలో ఎగతాళి చేశారు. అసలు రాసింది తావో సాధువని పరిశోధకుల నిర్ణయం. అంటే బయటి బడి అని పేరుపడ్డ గుడికి అతికించిన పుస్తకంలో ఉన్నదంతా లోపలి సరుకే! బోధిధర్ముడి పేరు చెప్పగానే మనవాళ్లకి 2011లో వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ సినిమా గుర్తొస్తుంది, కంచి నుంచి వెళ్లాడంటారు. ఆయన గురించిన అతి పాత చైనా రాత, 547 నాటిది, పర్షియా వాడంటుంది. ఆ తర్వాతివి దక్షిణ భారత రాజకుమారుడంటాయి. ఎటు చూసినా ఆ పాత రాతల్లో కుస్తీ పట్టిన దాఖలా లేదు. ఆయన్ని ఎలాగూ ఓడ ఎక్కించేవాళ్లం కాబట్టి మా బారువ రేవులోనే ఎక్కిద్దాం అనే సరదా మాకూ ఉంది గానీ, ఆపుకుందాం.

తర్వాత రెండొందల ఏళ్లు ఈ తగువుని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1894లో బీజింగ్‌లో తైచీ, షింగ్‌యీ, బాగ్వా విద్యల గురువులు కొందరు చేతులు కలిపారు. ఒకరి శిష్యుల్ని ఒకరు గౌరవించుకోవాలి, కలిసి పెరగాలి అని ఒప్పందం. మూడింటినీ కలిపి పిలవడానికి ఒక పేరు కావలసి వచ్చి, సమాధి రాయి మీది పాత మాటని దులిపి తీశారు. దాన్ని జనంలోకి తెచ్చినవాడు సున్ లుటాంగ్. పేదింటి పిల్లాడు, కుంచెలు తయారుచేసే దుకాణంలో పనిచేసి పైకొచ్చినవాడు. 1915 నుంచి వరుసగా పుస్తకాలు వేసి, మూడు విద్యల సారం ఒకటే, అది లోపలి సాధన అని చాటాడు.

అదే సున్ ఒక సంగతి దాచకుండా రాశాడు. షింగ్‌యీ పెద్ద సోంగ్ షిరోంగ్‌తో ఈ తేడా గురించి మాట్లాడితే, ఆ పెద్దాయన తీసిపారేశాడు: లోపల, బయట అనేవి ఊపిరిలో ఉంటాయి గానీ ముష్టివిద్యలో ఉండవు, ఊపిరిని సాకినవాడిది ఏ విద్యైనా లోపలిదే అన్నాడు. మొత్తం తగువులో నాకు నచ్చిన మాట ఇదొక్కటే.

ఎవరు వింటారు? 1928లో నాన్జింగ్‌లో జాతీయ యుద్ధవిద్యల సంస్థ పెట్టి, దాన్ని వుడాంగ్ శాఖ, షావోలిన్ శాఖ అని అధికారికంగానే చీల్చారు. రెండు శాఖలూ కొట్టుకు చచ్చాయి. కొద్ది నెలల్లోనే ఆ చీలిక ఎత్తేయాల్సి వచ్చింది. 1930లో తాంగ్ హావ్ అనే పరిశోధకుడు జాంగ్ సాన్‌ఫెంగ్‌కీ తైచీకీ సంబంధం లేదని, బోధిధర్ముడికీ షావోలిన్ ముష్టికీ సంబంధం లేదని పుస్తకం వేసి రెండు వర్గాలతోనూ తిట్లు తిన్నాడు.

సరిగ్గా సున్ పుస్తకాలు వేస్తున్న ఆ రోజుల్లోనే మన వైపు ఒకాయన ఏ శాఖా లేకుండా కండనీ ఊపిరినీ కలిపి చూపిస్తున్నాడు. కోడి రామ్మూర్తి నాయుడిది వీరఘట్టం. విజయనగరంలో సాము నేర్చి, బడిలో వ్యాయామ మాస్టారుగా చేసి, సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. దండీలు, బస్కీలు తీసిన కండ ఒకవైపు, ప్రాణాయామం ఒకవైపు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి బిగబట్టి, ఛాతీ ఉబ్బించి తెంపేవాడు. ఛాతీ మీద పలక వేసి ఏనుగుని ఎక్కించుకునేవాడు. ఇందులో మాయ లేదు. పలక అడ్డం పెడితే ఏనుగు బరువు ఒకచోట పడకుండా పరుచుకుంటుంది. గొంతు మూసి ఊపిరి బిగిస్తే పొట్టలో, ఛాతీలో ఒత్తిడి పెరిగి మొండెమంతా గాలి నిండిన లారీ టైరులా గట్టిపడుతుంది. కండ ఒక్కటే అయితే పక్కటెముకలు నుజ్జవుతాయి, ఊపిరి ఒక్కటే అయితే గొలుసు తెగదు.

ఊసవానిపేటలో సాధన చేసి పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడూ మొండెంలో జరిగింది ఇదే. బరువు పైకి లేచే క్షణంలో ఊపిరి లోపలే ఉండాలి. మా ఉద్దానం ఊళ్లలో అమ్మవారి సంబరాలకి కర్రసాము కట్టే వస్తాదు కూడా కుర్రాణ్ణి కసిరేది ఈ మాటతోనే: “ఊపిరి ఒగ్గీకురా! కర్ర దిగినాక ఒగ్గు.”

తైచీది దీనికి అడ్డం తిరిగిన లెక్క. బిగబట్టడం ఉండదు. మణికట్టుకి మణికట్టు ఆనించి ఇద్దరు నిలబడతారు; ఎదుటివాడు బలం పెట్టబోతున్నాడని చర్మానికి తెలిసేదాకా భుజాలు వదులుగా, ఊపిరి పొడుగ్గా ఉంచుతారు. వాడు తోసినప్పుడు నడుము తిరుగుతుంది, వాడి బరువే వాణ్ణి ముందుకి లాగుతుంది. భుజం బిగిసిందా, ఓడిపోయినట్టే. 1956లో చైనా క్రీడాశాఖ తైచీని 24 భంగిమలకి కుదించి పార్కుల్లోకి తెచ్చింది. ఇవాళ ప్రపంచం చూసే తైచీ చాలావరకు అదే.

ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ కాసేపు రక్తపోటు అమాంతం పైకి పోతుంది. కిడ్నీ జబ్బుతో, బీపీ మాత్రలతో బతుకుతున్నవాళ్లు ఇంటింటా ఉన్న ఉద్దానంలో పొద్దున్నే జిమ్‌కి బయల్దేరే పెద్దవాళ్లు ఈ సంగతి ముందు డాక్టర్ని అడగాలి. వాళ్లకి పొడుగు ఊపిరి పద్ధతే మేలు. గొలుసులు తెంపే పని వాళ్ల మనవలు చూసుకుంటారు.