సుంకము – అంగడి – దూరదేశపు సరకు

సరకు పుట్టు చోటొకటి, అమ్ముడగు చోటొకటి యైనప్పుడు నడుమ సుంకము తప్పదు. అది యెవరిపై నెంత పడవలెనను ప్రశ్న నేటిది కాదు. ఇంట కూర్చుండియే చేతిలోని ఫోనుతో విదేశముల సరకును తెప్పించుకొను ఈ కాలమున, షాద్‌నగరు బజారులోని అంగడివారిని కలవరపెట్టుచున్న చిక్కు ఆ పాత ప్రశ్నకు కొత్త రూపము మాత్రమే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, వెలుపలినుండి వచ్చు సరకుపై వెలలో అయిదవ వంతును సుంకముగా విధించెను. పెండ్లికి, యజ్ఞమునకు, పురుటికి, ఉపనయనమునకు, కానుకకు తెచ్చు వస్తువులను మాత్రము సుంకము లేక విడువుమనెను. ఆ నెపమున బొంకినవానికి దొంగకు వేయు దండనమే వేయుమనెను. ఈ కడపటి మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము తెలుగునేలకు కీర్తి తెచ్చినది. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి ఒడ్డు చేరిన ఓడలలోని సరకునెల్ల బలిమిని లాగికొనెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, సరకుపై ముప్పది పాళ్ళకొక పాలు మాత్రమే సుంకము గైకొనునట్లు శాసించెను. ఎంత చెల్లింపవలెనో ముందే తెలిసిన వర్తకునకు ధైర్యము కలుగును. ధైర్యము కలిగిన చోట వర్తకము పెరుగును.

ఇక ఈ ప్రాంతపు మాట. నిజాము ప్రభుత్వమునకును ఈస్టిండియా కంపెనీకిని 1802లో జరిగిన వర్తకపు ఒడంబడికచే పొలిమేర దాటు సరకుపై నూటికి అయిదు వంతున సుంకము నిర్ణయమయ్యెను. అయినను రాజ్యములోపల అడుగడుగున రాహదారి సుంకముల బాధ తప్పలేదు. 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండిన మొదటి సాలార్జంగు ఆ లోపలి సుంకములను తొలగించెను. పొలిమేర సుంకము మిగిలెను. దానిని వసూలుచేయు శాఖకు కరోడ్‌గిరి యని పేరు. రాజ్యమునకు రేవు లేదు గనుక సీమ సరకు బొంబాయి, మద్రాసు రేవులలో ఒకమారు, నాకాలో మరియొకమారు సుంకము చెల్లించి అంగడి చేరెడిది. భారము పెద్దదే, కాని వర్తకుని మూటకేకాక ప్రయాణికుని మూటకును తనిఖీ తప్పెడిది కాదు.

1950 ఏప్రిల్ 1న హైదరాబాదు ఆర్థికవ్యవస్థ కేంద్రములో లీనమయ్యెను. కొన్ని యేండ్లలో కరోడ్‌గిరి నాకాలు కథలలో మిగిలెను. 1950 నాటి హైదరాబాదు అమ్మకపు పన్ను చట్టము, 1957 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము, 2005లో వ్యాటు, 2017 జూలై 1న జీఎస్టీ వరుసగా వచ్చినవి. ఆ విధముగా పన్ను లెక్క పొలిమేరను విడిచి అంగడి గల్లాపెట్టె చెంతకు చేరెను. బిల్లు, రిటర్ను, గడువు మీరిన అపరాధ రుసుము, అన్నియు అంగడివాని నెత్తికి వచ్చినవి.

ఇట్టి సమయమున దూరదేశపు సరకు వేరొక త్రోవన వచ్చెను. అయిదువేల రూపాయల లోపు కానుకలకు సుంకము లేదను నియమమును అడ్డుపెట్టుకొని, చైనానుండి కొనుగోలు సరకు కానుకయను చీటితో పొట్లములుగా దిగెను. కౌటిల్యుడు హెచ్చరించిన బొంకు ఇదియే. 2019 డిసెంబరులో కేంద్రప్రభుత్వము రాఖీలు, ప్రాణరక్షక ఔషధములు తప్ప కానుకల పేరిట దిగుమతిని నిలిపివేసెను. ఇతర దేశములును ఈ దారినే నడచినవి. ఆస్ట్రేలియా 2018 జూలైలో వేయి డాలర్ల లోపు దిగుమతులపై పన్ను విధించెను. ఐరోపా సమాజము 2021 జూలైలో 22 యూరోల మినహాయింపును తీసివేసెను. అమెరికా 2025 ఆగస్టులో 800 డాలర్ల మినహాయింపును ముగించెను.

ఇంతమాత్రమున అంగడివాని కష్టము తీరిపోదు. దేశములోని పెద్ద ఆన్‌లైను వ్యాపారులు పన్ను కట్టియే చౌకగా అమ్మగలరు. వారి గిడ్డంగులు పెద్దవి, కొనుబడి పెద్దది. చిన్న వర్తకుడు ఆ వేదికలపై అమ్మదలచినచో, రాబడి యెంత తక్కువయైనను జీఎస్టీ నమోదు తప్పనిసరి యను కట్టడి యుండెను; 2023 అక్టోబరు 1నుండి రాష్ట్రములోపలి అమ్మకములకు అది సడలినది. చౌకగా దొరకిన వస్తువును కొన్న పేదవానిని తప్పుపట్టుటయు న్యాయము కాదు.

అయితే ఒక లెక్క ఏ బిల్లులోను కనబడదు. వాన తప్పిన యేడు పంట చేతికి వచ్చువరకు ఉద్దెర యిచ్చి, ఖాతాలో వ్రాసికొని ఓపికపట్టువాడు ఊరి కిరాణా వర్తకుడే. ఆ అంగడి మూతపడినచో రైతుకు ఆ ఆసరా పోవును. కనుక వర్తకుడు కోరదగినది ప్రత్యేకమైన దయ కాదు, సమానమైన తూకము. మోటుపల్లి శాసనము చెప్పిన నీతియు అదియే: రేటు తక్కువగా నుండవలెను, ముందే తెలియవలెను, అందరికి నొకటిగా నుండవలెను. కానుకకు కానుక మర్యాద, సరకుకు సరకు సుంకము, అంగడికి అంగడి న్యాయము నడచిన నాడే ఊరి బజారు నిలుచును.