ఖమీర్‌లో దాగిన చోర్ దర్వాజా

ఖమీరీ రోటీ చేసే కొన్ని ఇళ్ళలో ఒక రివాజు ఉంటుంది. నిన్నటి పిండిలోంచి ఒక ముద్ద తీసి దాచి, ఇవాళ్టి పిండిలో కలుపుతారు. నుస్ఖాలో 'కాస్త ఖమీర్' అని మాత్రమే ఉంటుంది. ఆ ముద్దలో ఏముందో ఎవరూ రాయరు. అది చెడిపోతే పిండి ఎంత సాఫ్‌గా ఉన్నా రోటీ చెడుతుంది. నుస్ఖా వంద సార్లు చదివినా తప్పెక్కడో దొరకదు.

కంప్యూటర్ల తారీఖ్‌లో సరిగ్గా ఇలాంటి కిస్సా ఒకటుంది.

యూనిక్స్‌ను తయారు చేసిన బెల్ ల్యాబ్స్ ఉస్తాదులు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలకు 1983 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. ఆ సందర్భంగా థాంప్సన్ చేసిన తఖ్రీర్ 1984 ఆగస్టులో అచ్చయింది. తన ఘనత చెప్పుకోవాల్సిన చోట ఆయన ఒక చోరీ ఎలా చేయవచ్చో చెప్పాడు.

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం జబాన్‌లోకి తర్జుమా చేసేదే కంపైలర్. సీ భాష కంపైలర్‌ను కూడా అప్పట్లో సీ భాషలోనే రాశారు. అంటే పాత కంపైలరే కొత్తదాన్ని తయారు చేస్తుంది. ఖమీర్ లాగానే!

థాంప్సన్ దానికి రెండు రహస్యాలు నేర్పాడు. ఒకటి: లాగిన్ ప్రోగ్రామును తర్జుమా చేస్తున్నప్పుడు గుర్తుపట్టి, అందులో ఒక దొంగ పాస్‌వర్డ్ చేర్చాలి. రెండు: కంపైలర్‌నే తర్జుమా చేస్తున్నప్పుడు ఈ రెండు రహస్యాలనూ కొత్తదానిలోకి ఎక్కించాలి. ఆ తర్వాత రాతప్రతి నుంచి ఆ లైన్లన్నీ చెరిపేస్తే సరి. దస్తావేజులో నిషానీ ఉండదు, రాతప్రతిలో ఉండదు. కానీ చోర్ దర్వాజా తరతరాలుగా నడుస్తూనే ఉంటుంది.

ఆయన సబక్ ఒక్కటే: రాతను చదివి భరోసా పెట్టుకోకండి, రాసినవాళ్ళెవరో కూడా చూడండి.

ఇది ఖాళీ ఖయాల్ కాదు. 2009లో ఇండక్ అనే వైరస్ డెల్ఫీ కంపైలర్ వాడే ఫైల్లో చేరి, అక్కడ తయారైన ప్రతి ప్రోగ్రాములోకీ పాకింది. 2015లో చైనాలో ఎక్స్‌కోడ్ నకిలీ కాపీలు తిరిగాయి. వాటితో యాప్‌లు చేసిన ఇంజనీర్లు బేకసూర్‌లు. తమ కోడ్‌లో వాళ్ళు ఏ తప్పూ రాయలేదు. అయినా ఆ యాప్‌లు ఐఫోన్లలోకి జహర్ మోసుకెళ్ళాయి.

ఇలాజ్ లేదా? ఉంది. డేవిడ్ వీలర్ 2005లో ఒక తరీఖా చెప్పాడు. అనుమానమున్న కంపైలర్ రాతప్రతిని, దానితో సంబంధం లేని మరో కంపైలర్‌తో తర్జుమా చేయించాలి. అలా వచ్చినదానితో అదే రాతప్రతిని మళ్ళీ తర్జుమా చేయించి, ఫలితాన్ని అనుమానమున్న కంపైలర్‌తో అక్షరం అక్షరం పోల్చాలి. తేడా వస్తే ఎక్కడో గడ్‌బడ్ ఉన్నట్టే. ఒక్క గవాహీ చాలదు, రెండో గవా కావాలన్నమాట.

థాంప్సన్ రాసిన అసలు కోడ్‌ను రస్ కాక్స్ 2023లో అందరికీ చూపించాడు. వంద లైన్లు కూడా లేవు.

మన పిల్లలు కోడింగ్ నేర్చుకుంటున్నారు, మాషాఅల్లాహ్. ఈ కిస్సా కూడా చెప్పండి. రాయడమొక్కటే హునర్ కాదు. ఏ ఖమీర్‌తో పిండి కలుపుతున్నామో అడగడం కూడా హునరే.