కట్టెల పొయ్యి పొగ సురక్షితంగా వెలుపలికి పోవాలంటే: పుదుచ్చేరి ఇళ్లలో పాటించవలసిన జాగ్రత్తలు

పుదుచ్చేరి: వంటగ్యాసు వాడకం ఎంతగా విస్తరించినా పుదుచ్చేరి పట్టణంలోనూ, పరిసర గ్రామాలలోనూ కట్టెల పొయ్యి కనుమరుగు కాలేదు. స్నానానికి నీళ్లు కాచుకునేందుకు, పెద్ద వంటలకు, సిలిండరు నిండుకున్న రోజులకు అది ఇప్పటికీ అక్కరకు వస్తోంది. సరుగుడు కట్టెలు, కొబ్బరి మట్టలు, చిప్పలు ఈ తీరంలో సులభంగా దొరికే వంటచెరకు. 2011 డిసెంబరు 30న థానే తుపాను, 2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను ఈ తీరాన్ని తాకాయి. అటువంటి వేళల్లో తలుపులు, కిటికీలు మూసిన ఇంటిలోనే పొయ్యి వెలిగించవలసి రావచ్చు. పొగగొట్టం సరిగా ఉన్నదా, లేదా అన్నది అప్పుడు ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

పొగలో ఉన్న ముప్పు

కట్టె పూర్తిగా కాలనప్పుడు సూక్ష్మ ధూళికణాలు, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. మొదటివి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి శ్వాసకోశ వ్యాధులకు, గుండె జబ్బులకు దారితీస్తాయి. రెండవది రంగు, వాసన లేని విషవాయువు. ఇళ్లలోని వంట పొగ వంటి కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి దగ్గర ఎక్కువ సేపు గడిపే స్త్రీలు, వారి వెంట ఉండే చిన్నపిల్లలు ఈ పొగకు అధికంగా గురవుతారు.

పొగగొట్టం పనిచేసే తీరు

వేడెక్కిన వాయువులు బయటి గాలికంటే తేలికగా ఉండి పైకి లేస్తాయి. అవి లేచినకొద్దీ పొయ్యి నోటి నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. ఈ లాగుడు రెండు అంశాలపై ఆధారపడుతుంది: గొట్టం ఎత్తు, లోపలి వాయువుకూ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదం. గొట్టం పొట్టిదైనా, చల్లగా ఉన్నా, మసితో ఇరుకైనా పొగ వెనుకకు మళ్లుతుంది. అందుచేత గొట్టం వీలైనంత నిటారుగా ఉండాలి. అడ్డంగా సాగే భాగం తప్పనిసరైతే, పొగ పోయే దిశలో మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల చొప్పున ఎత్తు పెరగాలి. లంబకోణపు మలుపులు రెండుకు మించరాదు. ఒక గొట్టానికి ఒకే పొయ్యిని కలపాలి.

ఎంత ఎత్తు ఉండాలి?

అమెరికా అగ్నిమాపక ప్రమాణాలలోని సూత్రం ఇక్కడా ఉపయోగపడుతుంది. గొట్టం కప్పును దాటిన చోటు నుంచి కనీసం 90 సెంటీమీటర్లు పైకి ఉండాలి. అంతేకాక 3 మీటర్ల దూరంలోపు ఉన్న ఏ కట్టడం కన్నా 60 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. చదును మేడలపై పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, మెట్ల గది కూడా ఈ లెక్కలోకి వస్తాయి. గోడకు గోడ ఆనుకొని ఉన్న వీధులలో పక్కింటి మేడ ఎత్తుగా ఉంటే గాలి దానికి తగిలి కిందికి సుడి తిరిగి, పొగను గొట్టంలోకే నెట్టగలదు. పక్కింటి కిటికీకి ఎదురుగా గొట్టం తెరవడం ఏ విధంగానూ తగదు.

కప్పు దాటే చోటే కీలకం

పట్టణంలోని పాత ఇళ్లలో చాలావాటికి మద్రాసు మిద్దె ఉంది. కలప దూలాలపై సన్నని ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి కట్టే కప్పు ఇది. బయటికి ఇటుకగా కనిపించినా లోపల ఉన్నది కలప. ఒంటి పొరతో చేసిన రేకు గొట్టానికీ, మండే స్వభావం గల ఏ వస్తువుకూ మధ్య కనీసం 45 సెంటీమీటర్ల ఎడం ఉండాలన్నది అంగీకృత ప్రమాణం. అంత ఎడం సాధ్యం కాని చోట, వేడిని నిలువరించే పొరతో కూడిన జంటగోడల గొట్టాన్ని తయారీదారు సూచించిన ఎడంతో అమర్చాలి. దూలాన్ని కోసి దారి చేయడం కప్పు బలానికే చేటు. తాటాకు కప్పు గుండా గొట్టం వేయరాదు. పాత ఆస్‌బెస్టాస్ గొట్టాలను కోయడం, రుద్దడం ప్రమాదకరం. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వారసత్వ కట్టడాలలో పని మొదలుపెట్టే ముందు స్థానిక ప్రణాళికా అధికారులను సంప్రదించాలి.

సముద్రపు గాలి, ఉప్పు, వాన

మధ్యాహ్నం వేళ తూర్పు నుంచి వీచే సముద్రపు గాలి గొట్టం నోటిని నేరుగా తాకవచ్చు. అందుకే పైన వానటోపీ అవసరం. అయితే టోపీకీ గొట్టానికీ మధ్య పొగ పోయేందుకు తగినంత ఖాళీ లేకపోతే లాగుడు తగ్గుతుంది. ఉప్పు గాలి సాధారణ రేకును, జింకు పూత గల రేకును కూడా త్వరగా తినివేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువ కాలం నిలుస్తుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించక ముందే అతుకులను, కప్పు వద్ద వాననీటి కట్టును పరిశీలించుకోవాలి.

పొగ వెళ్లాలంటే గాలి రావాలి

గాలి లోపలికి రాని గదిలో ఎంత మంచి గొట్టమైనా పనిచేయదు. పొయ్యి వెలిగినంత సేపు కిటికీ కొంతైనా తెరిచి ఉంచాలి. అదే గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పితే అది పొగను గొట్టం నుంచి గదిలోకి లాగే ప్రమాదం ఉంది. వెలిగించే ముందు పొయ్యి నోటి వద్ద అగరువత్తి పట్టుకొని చూడాలి. దాని పొగ లోపలికి వంగితే లాగుడు ఉన్నట్లు. బయటికి వస్తే ముందు కాస్త కాగితం గాని, ఎండు కొబ్బరాకు గాని మండించి గొట్టాన్ని వేడెక్కించాలి. అప్పటికీ పొగ గదిలోకే వస్తుంటే మంట పెట్టరాదు.

మసి, తారు, గొట్టంలో మంటలు

పచ్చి కట్టెలు మండించినప్పుడు, మంటను అణచి ఉంచినప్పుడు పొగలోని ఆవిరులు చల్లని గొట్టం గోడలపై తారుగా పేరుకుంటాయి. అది అంటుకుంటే గొట్టంలోని వేడి 1,000 డిగ్రీల సెల్సియస్‌ను దాటగలదు. కట్టెలో తేమ 20 శాతానికి మించకుండా ఉండేందుకు, చీల్చిన కట్టెలను వానకు తడవని చోట, గాలి ఆడేలా కనీసం ఆరు నెలలు ఆరబెట్టాలి. మసి పొర 3 మిల్లీమీటర్లకు చేరితే గొట్టాన్ని శుభ్రం చేయాలి. నిత్యం వాడే పొయ్యికి నెలకొకసారి పరీక్ష మేలు. బూడిదను మూత గల లోహపు పాత్రలో ఇంటికి దూరంగా ఉంచాలి. పైకి చల్లారినట్లు కనిపించే నిప్పు రోజుల తరబడి సజీవంగా ఉండగలదు.

గొట్టంలో హోరుమనే శబ్దం, పైన నిప్పురవ్వలు కనిపిస్తే గాలి వచ్చే దారిని మూసి, అందరూ బయటికి వచ్చి 101కు గాని, 112కు గాని ఫోన్ చేయాలి. కాలుతున్న గొట్టంలో నీళ్లు పోస్తే అది పగిలిపోవచ్చు. ఇంట్లో ఒకరి కంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, వికారం, మైకం కలిగితే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించి, వెంటనే ఆరుబయటికి వెళ్లి వైద్యసాయం పొందాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటిని ఎన్నడూ ఉంచరాదు.

హైదరాబాదు పొయ్యి నేర్పిన పాఠం

పొగలేని వంటిల్లు తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయాలలో డాక్టర్ ఎస్.పి. రాజు, పొగగొట్టం గల మట్టి పొయ్యిని రూపొందించి ప్రచారం చేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి, కోట్ల సంఖ్యలో పొయ్యిలను పంపిణీ చేసింది. అయినా పగుళ్లు పూడ్చేవారు, గొట్టాన్ని శుభ్రం చేసేవారు లేని చోట ఎన్నో పొయ్యిలు మూలపడ్డాయి. పొయ్యి కట్టడంతో పని పూర్తి కాదని, దాని సంరక్షణే అసలు పని అని ఆ అనుభవం తెలియజేసింది.

పొగగొట్టం పొగను మాయం చేయదు. ఇంటి నుంచి వీధికి తరలిస్తుంది. గ్యాసు, విద్యుత్తు అందుబాటులో ఉన్నప్పుడు నిత్య వంటకు అవే మేలు. కట్టెల పొయ్యి తప్పని ఇంట మాత్రం సరైన ఎత్తు, కలపకు తగిన ఎడం, లోపలికి గాలి, ఎండిన కట్టె, శుభ్రమైన గొట్టం అన్న ఐదు నియమాలలో ఏ ఒక్కటీ విస్మరించదగినది కాదు.