దత్తపుత్రుల రాజ్యములు

రాజవంశములను గూర్చి ముచ్చటించునపుడు రక్తసంబంధమే సర్వమని తలచుట మనలో బహుకాలముగా నున్నది. మహారాష్ట్ర సంస్థానముల చరిత్రమును బరికించినచో నీ తలంపు నిలువదని మాకు దోచుచున్నది.

శివాజీ వంశీయులేలిన సతారాలో 1848 వ సంవత్సరమున రాజు మరణించెను. ఆయన కడపటి కాలమున గైకొనిన దత్తతను డల్‌హౌసీ ప్రభువంగీకరింపక, రాజ్యమును గంపెనీవారి సీమలో గలిపివేసెను. 1854 లో నాగపురపు భోంసలేలకును, ఝాన్సీ నేవాల్కరులకును నదే గతి పట్టెను. దొరల యనుమతి లేని దత్తత రాజ్యము నీయజాలదనుట వారి వాదము. 1857 నాటి సంక్షోభము పిమ్మటగాని యా వాదము సడలలేదు. 1862 లో కానింగు ప్రభువు దత్తత హక్కు నంగీకరించుచు సంస్థానాధీశులకు సనదుల నొసగెను.

ఆ హక్కువలన గలిగిన ఫలమేమి? 1875 లో బరోడా ప్రభువగు మల్హారరావు పదచ్యుతుడయ్యెను. అంతట ఖండేరావుగారి వితంతువగు జమునాబాయి, నాసిక ప్రాంతపు కవళాణా గ్రామమునందలి రైతుబిడ్డను దత్తత చేసికొనెను. పండ్రెండేండ్ల యా బాలునకు జదువనదగిన చదువు లేదు. అతడే మూడవ సయాజీరావు గాయక్వాడు. ఆయన 1893 లో అమ్రేలీ ప్రాంతమునను, 1906 లో రాజ్యమంతటను నిర్బంధ ప్రాథమిక విద్యను నెలకొల్పెను, బాలికలను విడిచిపెట్టలేదు. 1910 మొదలు గ్రంథాలయములను బల్లెలకు వ్యాపింపజేసెను. 1913 లో అంబేడ్కరుగారు అమెరికాకు జదువబోయినది బరోడా విద్యార్థివేతనముతోనే.

కొల్హాపురమునను నట్లే జరిగెను. 1884 లో రాణీ ఆనందీబాయి కాగల్ ఘాట్గే వంశపు బాలుని దత్తత గైకొనెను. ఆయనయే శాహు మహారాజు. వెనుకబడిన కులములవారికి ఖాళీ యగు కొలువులలో నూటికి 50 ఉంచవలెనని 1902 లో నుత్తరువిచ్చెను. 1917 లో నుచిత నిర్బంధ ప్రాథమిక విద్యను, వితంతు వివాహములకు జట్టబద్ధతను గల్పించెను.

ఇచట జదువరులు గమనింపవలసినవి రెండు గలవు. శుభకార్యములకు దూరముగా నుంచబడు వితంతువుల చేతుల మీదుగనే యీ యిద్దరును సింహాసనమునకు వచ్చిరి. వీరికి గీర్తి తెచ్చినది పుట్టుక గాదు, పిమ్మట లభించిన శిక్షణము.

అయినను, ప్రభువు మంచివాడైననే ప్రజలకు మేలు గలుగు నేర్పాటు చాలదు. తరువాతివాడెట్టివాడో యెవ్వరెఱుగుదురు? 1949 లో నీ రెండు సంస్థానములును బొంబాయి రాష్ట్రమున విలీనమయ్యెను. ప్రభుత్వము ప్రజల బాధ్యతయయ్యెను. కవళాణా పల్లెలో నొక్క బాలునకు దైవికముగా లభించిన చదువు, ప్రతి యింటి బిడ్డకును హక్కుగా లభింపవలెను. మన యింటి యాడుబిడ్డకు దానిని ముందుగా మనమిచ్చితిమా యని యెవరికి వారు ప్రశ్నించుకొందుము గాక.