పంచతంత్రం రాసిందెవరు? విష్ణుశర్మ పేరు వెనుక ఉన్న కథ

కోతి పట్టుకుని లాగిన మేకు, కర్రను నోట కరిచి గాల్లో ఎగిరిన తాబేలు, పులితోలు కప్పుకున్న గాడిద. తెలుగు పిల్లలకు ఈ కథలు బడికి వెళ్లకముందే తెలుస్తాయి. వీటిని ఎవరు రాశారని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే పేరు విష్ణుశర్మ. కానీ ఆయన నిజంగా ఉన్నాడా, లేక ఆయన కూడా కథలో ఒక పాత్రేనా అన్న ప్రశ్న పండితుల మధ్య ఇప్పటికీ తేలలేదు.

విష్ణుశర్మ గురించి మనకు తెలిసిందంతా పంచతంత్రం పీఠికలోనే ఉంది. దక్షిణ దేశంలోని మహిళారోప్యం అనే నగరాన్ని అమరశక్తి అనే రాజు పాలిస్తుంటాడు. అతని ముగ్గురు కొడుకులకు చదువు అబ్బదు. ఎనభై ఏళ్ల విష్ణుశర్మ ఆరు నెలల్లో వారిని రాజనీతిలో నిష్ణాతులను చేస్తానని మాట ఇచ్చి, అందుకోసం ఈ కథలు చెబుతాడు. ఆ రాజుకు గానీ ఆ గురువుకు గానీ శాసనాల్లో ఆధారం దొరకలేదు. పుస్తకం ఎప్పుడు పుట్టిందన్న దానిపైనా ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుపూర్వం 200కు, క్రీస్తుశకం 300కు మధ్య అని ఎక్కువమంది అంచనా.

అసలు ప్రతి ఏది?

మొట్టమొదటి సంస్కృత మూలం ఇప్పుడు లేదు. మిగిలినవన్నీ దానికి తర్వాతి రూపాలే. కశ్మీర్‌లో దొరికిన 'తంత్రాఖ్యాయిక' పాత రూపాల్లో ఒకటి. 1199లో పూర్ణభద్రుడనే జైన ముని కథలు చేర్చి, మార్చి మరో రూపం ఇచ్చాడు. 1924లో అమెరికన్ పండితుడు ఫ్రాంక్లిన్ ఎడ్జర్టన్ ఈ ప్రతులన్నింటినీ పోల్చి, మూలం ఎలా ఉండేదో ఊహించి ఒక పాఠాన్ని పునర్నిర్మించారు.

తర్వాతి కాలంలో నారాయణుడనే కవి పంచతంత్రాన్ని ముఖ్య ఆధారంగా చేసుకుని 'హితోపదేశం' కూర్చాడు. ఐదు తంత్రాలు ఇందులో నాలుగు భాగాలయ్యాయి. కథలు చెప్పేది ఇక్కడా విష్ణుశర్మే, కానీ రాజు మారాడు, ఊరు పాటలీపుత్రం అయింది. కవి పేరు స్పష్టంగా ఉన్నా, జనం నోట మిగిలింది విష్ణుశర్మ పేరే.

మూలిక కోసం వచ్చిన వైద్యుడు

పంచతంత్రం ఉపఖండం దాటింది ఆరో శతాబ్దంలో. పర్షియా చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ (531-579) కొలువులోని బుర్జోయ్ అనే వైద్యుడు దీన్ని పహ్లవీ భాషలోకి అనువదించాడు. చనిపోయినవారిని బతికించే మూలిక కోసం అతను భారతదేశానికి వచ్చాడని, ఆ మూలిక మరేదో కాదు, అజ్ఞానులను మేల్కొలిపే ఈ పుస్తకమేనని ఇక్కడి పండితులు చెప్పారని ఫిరదౌసీ 'షానామా'లో కథనం ఉంది. ప్రతిఫలంగా ఏం కావాలని రాజు అడిగితే, పుస్తకంలో తన జీవితం గురించి ఒక అధ్యాయం ఉంటే చాలన్నాడట బుర్జోయ్.

అతని కోరిక నెరవేరింది. పహ్లవీ ప్రతి కాలగర్భంలో కలిసిపోయినా, దాని నుంచి వచ్చిన అరబిక్ పుస్తకంలో బుర్జోయ్ అధ్యాయం ఇప్పటికీ ఉంది. విష్ణుశర్మ పేరు మాత్రం ఆ దారిలో రాలిపోయింది. అరబిక్‌లో కథలు చెప్పేది బిద్‌పాయ్ అనే తత్వవేత్త, వినేది దబ్‌షలీం అనే రాజు.

అనువాదకుడు చేర్చిన విచారణ

సుమారు 750లో ఆ అరబిక్ అనువాదం చేసింది ఇబ్న్ అల్ ముఖఫ్ఫా. పర్షియన్ కుటుంబంలో పుట్టి ఖలీఫాల పాలనలో రాతపనిచేసిన ఉద్యోగి. కరటక, దమనక అనే రెండు నక్కల పేర్లు అతని చేతిలో 'కలీలా వ దిమ్నా' అయ్యాయి. అరబిక్ వచనానికి ఈ పుస్తకం ఒరవడి దిద్దింది.

సంస్కృతంలో దమనకుడు సింహానికి, ఎద్దుకు మధ్య చిచ్చుపెట్టి, ఎద్దును చంపించి, మంత్రిగా హాయిగా ఉంటాడు. అక్కడ కథ చెప్పేది రాజ్యంలో నెగ్గుకురావడం ఎలాగన్నదే. అరబిక్‌లో అదనంగా ఒక అధ్యాయం కనిపిస్తుంది. అందులో దిమ్నాపై విచారణ జరిగి శిక్ష పడుతుంది. దీన్ని చేర్చింది ఇబ్న్ అల్ ముఖఫ్ఫాయేనని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. కుట్రదారు తప్పించుకోవడం కొత్త పాఠకులకు మింగుడుపడదని అనువాదకుడు అనుకుని ఉండొచ్చు. ఆ అనువాదకుడే కొన్నేళ్లకు ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో రాజకీయ వైరాల మధ్య బస్రాలో హత్యకు గురయ్యాడు.

ఐరోపాకు చేరిన దారి

అరబిక్ నుంచి ఈ పుస్తకం 11వ శతాబ్దంలో గ్రీకులోకి, 1251లో స్పానిష్‌లోకి వెళ్లింది. హీబ్రూ మీదుగా 13వ శతాబ్దంలోనే లాటిన్‌లోకి చేరింది. ఆ లాటిన్ శాఖ నుంచి వచ్చిన కథలను 1552లో డోనీ ఇటాలియన్‌లో రాస్తే, దాన్ని 1570లో థామస్ నార్త్ ఇంగ్లిష్ చేశాడు. అప్పటికి సంస్కృత మూలానికి, ఇంగ్లిష్ పాఠకుడికి మధ్య అనేక భాషలు నిలిచాయి.

ఫ్రెంచ్ కవి లా ఫోంటేన్ 1678లో వెలువరించిన రెండో సంపుటి ముందుమాటలో, ఇందులో చాలా కథలకు భారతీయ జ్ఞాని పిల్‌పే తనకు ఆధారమని ఒప్పుకున్నాడు. బిద్‌పాయ్ పేరుకు అది ఫ్రెంచ్ ఉచ్చారణ. అంటే లా ఫోంటేన్ కృతజ్ఞత చెప్పింది సంస్కృత మూలంలో లేని పేరుకు.

కథలు కూడా దారిలో వేషం మార్చాయి. పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను, మూతికి అంటిన నెత్తురు చూసి ఇంటివాళ్లే చంపే కథ ఐరోపాలో కుక్క కథ అయింది. 13వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో లియోన్ సమీపాన గ్రామీణులు అలాంటి కుక్కనే గినెఫోర్ అనే సెయింటుగా కొలిచి, జబ్బుపడిన పిల్లల కోసం మొక్కుకునేవారు. వేల్స్‌లోని బెడ్‌గెలెర్ట్‌లో ఇదే కథలోని కుక్కదంటూ సమాధి కూడా చూపిస్తారు.

అన్నీ ఇక్కడే పుట్టాయా?

1859లో పంచతంత్రాన్ని జర్మన్‌లోకి అనువదించిన థియోడోర్ బెన్ఫీ, ఐరోపా అద్భుత కథలు ఎక్కువగా భారత్ నుంచే వచ్చాయని వాదించారు. 'ప్రపంచ కథలన్నీ మనవే' అనేవారు ఈ మాటనే పట్టుకుంటారు. కానీ జంతు నీతికథలు చాలావరకు గ్రీసు నుంచే భారత్‌కు వచ్చాయన్నది కూడా అదే బెన్ఫీ అభిప్రాయం. తర్వాతి పరిశోధకులు ఈ రెండు వాదనలనూ పూర్తిగా ఒప్పుకోలేదు.

గాడిద కథే ఉదాహరణ. పంచతంత్రంలో అది పులితోలు కప్పుకుంటుంది, బౌద్ధుల సింహచర్మ జాతకంలో, గ్రీకు కథలో సింహం తోలు. ఏది ముందన్నది తేల్చడం కష్టం. ఈసప్ పరిస్థితీ విష్ణుశర్మకు భిన్నంగా లేదు. సామోస్ ద్వీపంలో బానిసగా ఉండేవాడని హెరొడోటస్ ప్రస్తావించాడు తప్ప, ఈసప్ చేత్తో రాసిన పుస్తకమంటూ ఏదీ లేదు.

తెలుగులో

తెలుగులో 15వ శతాబ్దంలోనే దూబగుంట నారాయణ కవి పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రాశాడు. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో మిత్రలాభం, మిత్రభేదం రాశారు. మిగిలిన సంధి, విగ్రహాలను తర్వాత కందుకూరి వీరేశలింగం రాశారు. నీతిచంద్రిక తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. దానికి పంచతంత్రంతో పాటు హితోపదేశమూ ఆధారమే. కాబట్టి తెలుగువారు 'విష్ణుశర్మ కథలు'గా చదువుకున్న వాటిలో నారాయణుడి వాటా, చిన్నయసూరి వాటా కూడా ఉన్నాయి.

పిల్లల పుస్తకాల అట్టల మీద ఇప్పటికీ ఒక్క విష్ణుశర్మ పేరే ఉంటుంది, చాలాసార్లు అనువాదకుడి పేరు కూడా ఉండదు. మూలం పోయాక కూడా ఈ కథలు బతికాయంటే, కారణం ఆ పేరులేనివాళ్లే. పద్నాలుగు శతాబ్దాల కిందట బుర్జోయ్ రాజును అడిగింది ఆ ఒక్క జాగానే.