కట్టకు ఒక మన్ను, గోడకు ఒక మన్ను

ప్రత్యేక సంచికకు పాత పనుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నాకు ముందుగా గుర్తొచ్చింది పోరుమామిళ్ల చెరువు. కడప జిల్లాలో బద్వేలుకు ఉత్తరాన ఉన్న ఈ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఆ సంగతి చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని! మన ఎస్టిమేటు కాగితం లాగే ఉంటుంది.

అదే శాసనంలో చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. గట్టి మన్ను గల నేల, నిడుపైన రాళ్లిచ్చే గని, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పనితనం గల మనుషులు ఉండాలి. కట్టలోంచి నీరు కారడం ఒక దోషం. చవుడు నేల మరొక దోషం.

దాదాపు ఆరు వందల ఏళ్ల తరువాత, 1963లో, ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ విదాల్ రీయిన్‌ఫోర్స్‌డ్ ఎర్త్ గోడకు పేటెంటు పొందాడు. ఇప్పుడు ఫ్లైఓవర్లకు రెండు పక్కలా పలకలు పేర్చినట్టు కనబడే గోడలు అవే. గోడను నిలబెట్టేది ఆ పలకలు కాదు. లోపల పొరపొరకూ పరిచిన పట్టీలు, వాటిని పట్టుకున్న మన్ను. మన్నుకూ పట్టీకీ మధ్య ఒరిపిడే దాని ప్రాణం.

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. చెరువు కట్టకు నీరు కారనివ్వని జిగట మన్ను కావాలి. ఈ గోడకు నీటిని వెంటనే వదిలేసే ఇసుక, గరుసు కావాలి. 75 మైక్రాన్ల కంటే సన్నని మన్ను నూటికి 15 పాళ్లు దాటకూడదని నిబంధన. పలకల వెనుక 600 మిల్లీమీటర్ల వెడల్పున కంకర పొర వేయాలి. చవుడు మాత్రం రెండింటికీ దోషమే. ఇనుప పట్టీలను అది తినేస్తుంది.

ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక వంతెన దారికి మంచి గరుసు దూరమని, పక్కనే ఉన్న నల్లరేగడి కలిపిన మన్ను తోలారు. “ఈ కరువు సీమలో వానలెక్కడివి సార్?” అన్నారు. నేనూ సరేనని సంతకం పెట్టాను. ఒక్క ముసురుకు రేగడి నీళ్లు తాగి ఉబ్బి, పలకలు బెత్తెడు ముందుకు వచ్చాయి. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. గోడ విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. వాన తక్కువ పడే చోట మన్ను ఎలాంటిదైనా ఫర్వాలేదనుకోవడం నా తప్పు.

మన పిల్లలు, మనవలు రోజూ అలాంటి గోడల పక్కనే వెళుతుంటారు. వాన వెలిశాక అతుకుల్లోంచి తేటనీరు వస్తే భయం లేదు. నీటితో మన్ను వస్తున్నా, పలక ఉబ్బినా వెంటనే అధికారులకు తెలియజేయమని చెప్పండి. నేను సంతకానికి ముందు చూడవలసినది అదే.