గ్రంథాలయ విద్యయు గోదావరి యిరుదరులును

గ్రంథాలయమును నడపుట యొక విద్య యనియు, దానిని విశ్వవిద్యాలయమున నభ్యసించి పట్టము పొందవలెననియు చెప్పినచో నేటికిని నవ్వువారు కలరు. బీరువాలోని పుస్తకమును తీసి చేతికిచ్చుటకు పట్టమెందుకని వారి ప్రశ్న. పట్టణమున కూర్చుండి యోచించినచో ఆ ప్రశ్న సమంజసముగనే తోచును. ఖమ్మము విడిచి, కొత్తగూడెము, పాల్వంచలు దాటి, భద్రాచలపు టడవుల యంచునకు పోయి చూచినచో దాని డొల్లతనము బయటపడును. ఆ యంచున నిలిచియే ఈ విద్యయొక్క చరిత్రను మేము పరిశీలింపదలచితిమి.

మన దేశమున తొలి గ్రంథాలయములను స్థాపించినవారు ఈ శాస్త్రమును చదివినవారు కారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికిని, రావిచెట్టు రంగారావుగారికిని, మునగాల జమీందారు నాయని వేంకటరంగారావుగారికిని భాషాభిమానమే పెట్టుబడి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. నిజాము రాజ్యమున సభ జరుపుకొనుటకు సైతము సర్కారువారి యనుమతి కావలసివచ్చిన దినములలో పఠనాలయమే తెలుగువారు నలుగురు కలిసికొను చోటయ్యెను. 1925లో నైజాము రాష్ట్రాంధ్ర గ్రంథాలయ మహాసభ నేటి ఖమ్మము జిల్లాలోని మధిరలోనే జరిగెను. 1934లో మూడవ ఆంధ్రమహాసభకు ఖమ్మమే వేదిక యయ్యెను. కావున ఈ సీమకు గ్రంథాలయోద్యమము క్రొత్త కాదు.

ఉత్సాహము గ్రంథాలయమును పుట్టించును గాని పెంచలేదు. పుస్తకములు వందల నుండి వేలకు పెరిగినప్పుడు, ఏది యెచ్చట నున్నదో తెలియనిచో అవి యున్నను లేనట్లే. ఈ సంగతి కోస్తావారు ముందుగా గ్రహించిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటి కార్యశూరులచే నడచిన ఆ సంఘమువారు 1920లో కార్యకర్తలకు శిక్షణ తరగతి నడపిరి. అంతకుముందే 1911లో బరోడాయందు సయాజీరావు గాయక్వాడు మహారాజు అమెరికానుండి రప్పించిన బోర్డెనుగారును, 1915లో లాహోరున పంజాబు విశ్వవిద్యాలయమందు డికిన్సనుగారును తరగతులు నడపియుండిరి. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన రంగనాథన్ గారు లండనులో ఈ విద్య నభ్యసించి వచ్చిరి. 1929లో మదరాసు గ్రంథాలయ సంఘము ప్రారంభించిన తరగతిని 1931లో విశ్వవిద్యాలయమే స్వీకరించెను. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఈ విద్యకు తన ద్వారములు తెరచెను. గణితోపాధ్యాయుడుగా జీవితమారంభించిన రంగనాథన్ గారి చేతిలో పుస్తకములు సర్దు పని సూత్రబద్ధమైన శాస్త్రమైనది.

ఇక గోదావరిని చూడుడు. భద్రాచలము 1874 వరకు మధ్యపరగణాలలో నుండి, పిమ్మట మదరాసు రాజధానిలోని గోదావరి మండలమున చేరెను. ఆవలి యొడ్డున పాల్వంచ, ఖమ్మములు నిజామువారివి. భద్రాద్రి రాముని సేవించు భక్తు లిరుదరులను గలరు. కోయలును, కొండరెడ్లును ఈ యడవులవారే. అయినను విద్యకు మాత్రము ఏరు సరిహద్దయ్యెను. 1935 తరువాత భద్రాచలపు యువకుడు తన రాజధానిలోనే వాల్తేరునకు పోయి గ్రంథాలయ శాస్త్రమును చదువవచ్చును. ఖమ్మపు యువకునకు తన రాజ్యమునందలి ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ. ఈ శాస్త్రమునకు శాఖ యచ్చట 1959 నాటికిగాని కలుగలేదు. చట్టములును రెండే. ఎడమ యొడ్డునకు 1948 నాటి మదరాసు గ్రంథాలయ చట్టము; కుడి యొడ్డునకు 1955 నాటి హైదరాబాదు చట్టము. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చెను. 1965లో నదిపై వంతెన తెరువబడెను. 2014లో భద్రాచల పట్టణము తెలంగాణములో నిలువగా, కూనవరము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున చేరెను. పాలకులు గీతలు మార్చిన ప్రతిపర్యాయమును అడవి చదువరి యేదో యొక దస్త్రపు టంచున పడుచునే యున్నాడు.

రంగనాథన్ గారి పంచసూత్రములలో రెండవదాని భావము, ప్రతి చదువరికిని తన పుస్తకము దొరకవలెనని. విశ్వవిద్యాలయమున విద్యార్థి దీనిని వల్లించి పరీక్షలో వ్రాయును. కోయబాలుని ముందు నిలుచున్నప్పుడు గాని దాని బరువు తెలియదు. ఆతని యింటిభాష కోయ. అది ద్రావిడభాషయే యైనను, దానిలో ముద్రితమైన పుస్తకము లత్యల్పము. వర్గీకరణ సంఖ్య వేయుట నేర్చినవానికి, సంఖ్య వేయుటకు పుస్తకమే లేనప్పుడు కర్తవ్యమేమి?

ధనముమాటయు నిట్టిదే. మన గ్రంథాలయములకు ఆధారము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలగు సుంకము. మేడలున్న చోట సుంకము పెరుగును. గుడిసెలున్న చోట తరుగును. ఎచ్చట పుస్తకము మిక్కిలి యవసరమో అచ్చటనే ధనము మిక్కిలి తక్కువ. ఈ లోపమును ఉపకారబుద్ధితోగాక న్యాయబుద్ధితో ప్రభుత్వము పూరింపవలెను. మార్గములు మనకు తెలియనివి కావు. 1931లో తంజావూరు మండలమందలి మన్నారుగుడిలో ఎడ్లబండిపై గ్రంథాలయము తిరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవపై పుస్తకములు పంపిరి. కాలువలో సాగిన పడవ గోదావరిలో సాగదా?

అడవిలో గ్రంథములు లేవుగాని గ్రంథసామగ్రి లేకపోలేదు. కోయల వంశచరిత్రలు గుడ్డపై చిత్రించిన పడిగెలలో నున్నవి. వానిని చూపుచు డోలీలు గానము చేయుదురు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులు. ప్రభుత్వము 2022లో వారికి పద్మశ్రీ యిచ్చి గౌరవించెను. 2024లో వారు గతించిరి. వారి కంఠమునుండి వ్రాసికొననిది, శబ్దగ్రహణము చేసికొననిది యిక నే గ్రంథాలయమునను దొరకదు. భక్త రామదాసు కీర్తనలును అచ్చుకెక్కకముందు భజనపరుల నోటనే నిలిచినవని మరవరాదు. ఆ కీర్తనలకు పట్టిన యదృష్టము డోలీల పాటలకు పట్టరాదా?

కావున గ్రంథాలయ విద్యార్థికి మేము విన్నవించున దొక్కటే. సూచిక వ్రాయుటతోపాటు వినుటయు నేర్వుడు. ఆ పాటలను పాడువారి యనుమతితోడను, వారి పేరుతోడను భద్రపరచుడు. విశ్వవిద్యాలయములవారును ఈ శాస్త్రమును చదువువారిని కొన్నిమాసము లైనను అడవిపల్లెలలో నుంచవలెను. కోయ, కొండరెడ్డి యువతీయువకులను ఈ పట్టమునకు పిలిచి, వారి యూళ్లలోనే గ్రంథపాలకులుగా నియమింపవలెను. తన తాత పాడిన పాటను మనుమరాలు తానే వ్రాసి, అట్టకట్టి, సంఖ్యవేసి, బీరువాలో నుంచిన దినమున, పట్టమెందుకని నవ్వినవారికి సమాధానము దొరకును.